ఆరోగ్యశ్రీ డెస్క్ మంచిదే, కానీ సగం సంగతులు బెంచీ మీద తెలిశాయి

మాది మహబూబాబాద్. అమ్మకు రొమ్ము క్యాన్సర్. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ మీద కీమో ఇప్పిస్తున్నాం. నేను రాస్తున్నది డాక్టర్ల గురించి కాదు, ఓపీ పక్కనుండే ఆరోగ్యశ్రీ హెల్ప్ డెస్క్ గురించి. ఆసుపత్రి పేరు రాయడం లేదు.

అమ్మ పేరు ఆధార్‌లో లక్ష్మమ్మ, రేషన్ కార్డులో లచ్చమ్మ. పని ఇక్కడే ఆగిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. డెస్క్‌లో ఉన్న ఆరోగ్యమిత్ర మాత్రం మమ్మల్ని వెనక్కి పంపలేదు. "కూర్చోండమ్మా, నేను చూస్తా" అని రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని, బయాప్సీ రిపోర్టు తీసుకుని తనే అప్రూవల్‌కు పంపింది. మూడో రోజుకు వచ్చేసింది. కీమోకు ఒక్క రూపాయి కట్టలేదు. 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలకు పెరిగిందని, మధ్యలో డబ్బులు అయిపోతాయని భయపడొద్దని అమ్మకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ రాత్రి అమ్మ చాలా రోజులకు కడుపునిండా తిన్నది.

కానీ ఖర్చంటే కీమో ఒక్కటే కాదు కదా. నాలుగు కీమోల దాకా బస్సులోనే తిరిగాం. తిరుగు ప్రయాణంలో ఉప్పల్ దాటేసరికే అమ్మకు వాంతులు. ఒక చేత్తో కవరు, ఇంకో చేత్తో ఆమె నుదురు పట్టుకుని కూర్చునేదాన్ని. నాలుగోసారి వెళ్లినప్పుడు బెంచీ మీద పక్కనే ఉన్న ఖమ్మం పెద్దాయన "రైలు కాగితం తీసుకున్నవా బిడ్డా?" అని అడిగాడు. క్యాన్సర్ పేషెంట్ వైద్యానికి వెళ్తుంటే స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా ఉచితమట, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గింపట. డాక్టర్ సంతకం, ఆసుపత్రి స్టాంపు ఉన్న ఫారం స్టేషన్ కౌంటర్‌లో చూపిస్తే చాలు. ఆ ఫారం ఇచ్చేది డెస్క్‌కు రెండు గదుల అవతలే!

బిల్లుల సంగతీ అంతే. ఆరోగ్యశ్రీకి రాకముందు ఆపరేషన్ ప్రైవేటులో చేయించాం, అమ్మ గాజులు కుదువపెట్టి. ఆ ఖర్చుకు ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం సహాయ నిధికి పెట్టుకోవచ్చని, ఒరిజినల్ బిల్లులే కావాలని తెలిసేనాటికి మా దగ్గర సగం జిరాక్సులే మిగిలాయి. మొదటి రోజే "బిల్లులు పారేయకండి" అని ఎవరన్నా ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

ఇది ఆ ఆరోగ్యమిత్ర తప్పనను. పొద్దున ఎనిమిదింటికే ఆమె ముందు లైను మొదలవుతుంది. కేసులు ఎక్కించడమే ఆమెకు అప్పగించిన పని. మనిషికి ఐదుకు ఐదు, సలహాకు రెండే ఇస్తాను. రైలు ఫారం, సహాయ నిధి, దాచుకోవలసిన కాగితాలు ఒక పేజీలో అచ్చేసి మొదటి రోజే చేతికివ్వాలి. చదవలేనివాళ్లకు చదివి చెప్పాలి.

ఐదో కీమోకు రైల్లో వెళ్లాం. అమ్మ కింది బెర్త్‌లో కాజీపేట దాకా పడుకుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆరోగ్యమిత్రకు ఇచ్చాను. చదివి, టేబుల్ అద్దం కింద పెట్టుకుంది.