రాతి గోడకు రంధ్రం: ఇంపాక్ట్ డ్రిల్లా, రోటరీ హ్యామరా, కోర్ కటింగా?

లాల్ దర్వాజలో అమ్మ ఉండే పాత ఇంటికి ఏప్రిల్‌లో ఏసీ పెట్టించాం. బిగించడానికి వచ్చిన కుర్రాడు కిటికీ లోతు చూసి, సంచిలోంచి డ్రిల్లు తియ్యకుండానే, "అన్నా, ఫోన్‌ల ఇటుక గోడ అన్నరు గదా" అన్నాడు. నేను గోడ అన్నాను, అంతే. టేపు పెట్టి కొలిస్తే 22 అంగుళాలు. లోపలంతా రాయి, సున్నం. అతని దగ్గరున్న బిట్టు అడుగు పొడవు కూడా లేదు.

చివరికి ఆ గోడకు రెండు రంధ్రాలు పడ్డాయి. ఇంటర్నెట్ కేబుల్‌కి 16 మిల్లీమీటర్లది, ఏసీ పైపుకి 3 అంగుళాలది. ఒక్క మిషన్‌తో రెండూ అయ్యే పని కాదని ఒక రోజు పాడుచేసుకున్నాకే తెలిసింది.

ఇంపాక్ట్ డ్రిల్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. చక్‌కి, అంటే బిట్టుని పట్టుకునే నోటికి, కీ పెట్టి బిగించే మామూలు మిషన్, చాలా ఇళ్లలో ఉండేదే. లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి కటకటలాడుతూ తిరుగుతాయి, ఆ కుదుపే దెబ్బ. నిమిషానికి వేలకు వేలు కొడుతుంది గానీ ఒక్కో దెబ్బలో పస ఉండదు. ఇటుకలో ఫొటో తగిలించడానికి రెండు అంగుళాలు దిగాలంటే భేషుగ్గా పనికొస్తుంది. గ్రానైట్ తగిలిందా, ఎంత నొక్కితే అంత వేడి. పది నిమిషాలు నొక్కి బయటికి తీస్తే బిట్టు కొస నీలంగా మారింది, రంధ్రం మాత్రం చిటికెన వేలి గోరంత. పక్కన పెట్టేశాం.

రోటరీ హ్యామర్ చూడ్డానికి దాని అన్నలా ఉంటుంది, లోపలి పని పూర్తిగా వేరు. పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒక ఇనుప దిమ్మని తోస్తుంది, అది వచ్చి బిట్టు వెనక కొడుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ ఒక్కోటీ నిజంగా సుత్తి దెబ్బ. బిట్టు కాడకి గాడులుంటాయి, నొక్కితే టక్కున కూర్చుంటుంది. 1975లో బాష్ తెచ్చిన ఎస్‌డీఎస్ పద్ధతి ఇది. బిట్టు ఆ గాడుల్లో ముందుకూ వెనక్కూ ఆడుతుంది కాబట్టి దెబ్బ చక్‌లో చచ్చిపోకుండా నేరుగా రాతికి చేరుతుంది. భుజంతో తోయక్కర్లేదు, మిషన్‌ని ఆనించి నిటారుగా పట్టుకుంటే చాలు. ఇందులో ఎస్‌డీఎస్ ప్లస్ అంటే 10 మిల్లీమీటర్ల కాడ, రెండు మూడు కిలోల మిషన్. ఎస్‌డీఎస్ మ్యాక్స్ అంటే 18 మిల్లీమీటర్ల కాడ, ఐదు కిలోలు, ఆ పైన. కేబుల్ రంధ్రానికి ప్లస్ చాలు. పాత సున్నపు గోడ మీద మ్యాక్స్ పెడితే రంధ్రం పడేలోపు చుట్టుపక్కల గార కూడా రాలుతుంది.

అసలు తంటా బిట్టు దగ్గర వచ్చింది. రాణీగంజ్ వెళ్లి 600 మిల్లీమీటర్ల బిట్టు కొన్నాను. 22 అంగుళాలంటే 559, ఇంకా మిగులుతుంది కదా అని నా లెక్క. కానీ ఆ 600లో 50 మిల్లీమీటర్ల దాకా మిషన్ నోట్లోనే ఉండిపోతుంది, గోడలోకి దిగేది 550. సరిగ్గా 9 మిల్లీమీటర్లు తక్కువ! మిగిలింది బయటి గారే కదా అని ఇనుప చువ్వ పెట్టి లోపలి నుంచి ఒక్కటి వేశాను. అవతల అరచెయ్యంత పెచ్చు ఊడి వీధిలో పడింది. చివరి అంగుళం ఎప్పుడూ బయటి నుంచే కొట్టాలని అలా నేర్చుకున్నాను. మర్నాడు మీటరు బిట్టు తెచ్చాం.

మీటరు బిట్టుతోనే మొదలుపెట్టడం కూడా తప్పే. గాలిలో తిప్పితే కొరడాలా ఊగుతుంది. ముందు పొట్టి బిట్టుతో నాలుగైదు అంగుళాలు దారి చేసి, పొడుగు బిట్టుని ఆ దారిలో పెట్టాకే మీట నొక్కాలి. రెండు మూడు అంగుళాలకోసారి తిప్పుతూనే వెనక్కి లాగి పొడి దులపాలి, లేకపోతే అది గట్టిపడి బిట్టుని పట్టేస్తుంది. అలా పట్టేసినప్పుడు మిషన్‌లో క్లచ్ లేకపోతే తిరిగేది మన మణికట్టే. ఇంకో సంగతి, మందపు గోడలో వంకర దాగదు. 5 డిగ్రీలు వాలితే 22 అంగుళాల అవతల 2 అంగుళాలు పక్కకి తేలుతుంది. ఒక మనిషి పక్కన నిలబడి చూస్తూ చెబుతుంటే మేలు.

ఇక 3 అంగుళాల రంధ్రం. అదే హ్యామర్‌తో చుట్టూ చిన్న రంధ్రాలు వేసి, మధ్య ముక్కని ఉలితో తీసేద్దాం అన్నాడు కుర్రాడు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకి అదేమీ చెడ్డ ఉపాయం కాదు. ఇక్కడ లెక్క వేస్తే, చుట్టూ కనీసం పదిహేను రంధ్రాలు, ఒక్కోటి 22 అంగుళాలు. మొత్తం 27 అడుగులకు పైగా రాయి తొలవాలి. నాలుగు వేసేసరికే గదిలో మనిషికి మనిషి కనిపించలేదు. రాతి పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో కూర్చుంటే మళ్లీ రాదు. ముక్కుకి చేతిరుమాలు చాలదు, ఎన్95 మాస్క్ ఉండాలి. అమ్మ పక్కింటికి వెళ్లిపోయింది, మేం పని ఆపేశాం.

కోర్ కటింగ్ వాళ్లని పిలిచింది అప్పుడే. వాళ్ల మిషన్‌కి బిట్టే ఒక గొట్టం, దాని అంచుకి వజ్రపు రవ్వల పళ్లుంటాయి. అది కొట్టదు, అరగదీస్తుంది. కాబట్టి గోడ అదరదు, పెచ్చులు ఊడవు, నీళ్లు పోస్తూ కోస్తారు కాబట్టి దుమ్ము లేవదు. "నీళ్లు బంద్ కావొద్దన్నా, బిట్టు కాలిపోతది" అని నా చేతికి పైపు ఇచ్చి నిలబెట్టాడు మేస్త్రీ. స్టాండుని యాంకర్ బోల్టుతో గోడకి బిగించాలి. గార మీద బిగిస్తే ఊడొస్తుందని కింద రాయి ఎక్కడుందో సుత్తితో తట్టి మరీ వెతికాడు. గొట్టం అడుగున్నర కూడా లేదు. అంతవరకూ కోసి, లోపలి దిమ్మని ఉలితో విరిచి తీసి, ఎక్స్‌టెన్షన్ రాడ్డు వేసి మళ్లీ దింపాడు. మధ్యలో ఒకసారి మిషన్ మొరాయించింది. సున్నంలో వదులుగా ఉన్న చిన్న రాయి ఒకటి గొట్టంతో పాటే తిరుగుతూ పట్టేసింది. దాన్ని గెలికి తియ్యడానికే అరగంట పట్టింది. బయటికొచ్చిన దిమ్మల్లో గోడ కథంతా ఉంది. పైన మా నాన్న చేయించిన సిమెంటు పూత, దాని కింద తెల్లటి సున్నం, ఆ తర్వాత నల్ల చుక్కల గ్రానైట్, మధ్యలో ఓ ఇటుక ముక్క. గ్రానైట్ దిమ్మని అమ్మ కడిగి దాచుకుంది, మేలో ఆవకాయ జాడీ మీద బరువు పెట్టడానికి.

ఖర్చు మాత్రం కుర్రాడు అడిగిన దానికి ఎన్నో రెట్లు. నేలంతా బూడిద రంగు రొచ్చు, గోనెసంచులు పరిచినా ఆగలేదు. అయినా రాతి గోడకి రెండు అంగుళాలు దాటిన రంధ్రం కావాలంటే మళ్లీ వాళ్లనే పిలుస్తాను.

ఒక్క చోట పిలవను. పాత ఇళ్లలో కొన్ని గోడలు సున్నంతో కాక మట్టితో పేర్చినవి ఉంటాయి. వాటిలోకి నీళ్లు వదిలితే ఇరుకుల్లోని మట్టి కరిగి కారిపోతుంది, హ్యామర్ పెడితే రాళ్లు కదులుతాయి. అక్కడ ముసలి రాతి మేస్త్రీ, ఉలి, సుత్తి. అతుకు వెంట మట్టి తోడి, చిన్న రాయి ఒకటి ఊడదీసి, పైపు పెట్టి, మళ్లీ మూసేస్తాడు.

అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇంత రామాయణం అక్కర్లేదు. ఇటుకో, సిమెంటు బ్లాకో అయితే ఎస్‌డీఎస్ ప్లస్ మిషన్ చాలు. పైపు రంధ్రానికి ఎండుగా కోసే కోర్ బిట్టు పెట్టి, హ్యామర్ ఆపేసి, కేవలం తిప్పుతూ కొయ్యాలి. కొడుతూ కోస్తే వజ్రపు పళ్లు రాలిపోతాయి. పిల్లర్, బీమ్ జోలికి మాత్రం పోవద్దు. హ్యామర్ బిట్టు ఇనుప చువ్వ తగలగానే ఆగి మనకి చెబుతుంది, కోర్ బిట్టు చెప్పకుండా దాన్ని కూడా కోసుకుంటూ పోతుంది.

హ్యామర్ మిషన్ నేను కొనేసుకున్నాను, కోర్ మిషన్ కొనే ఆలోచన ఎప్పుడూ లేదు. మీటరు బిట్టు మాత్రం కొన్న నెల నుంచీ ఇంట్లో ఉన్నది తక్కువ. ప్రస్తుతం వీధి చివర మేనమామ గారింట్లో ఉంది, వాళ్ల గోడ 24 అంగుళాలట.