ఈత కల్లా, బ్రూవరీ స్పెషల్ బ్యాచా: ఏది మేలు?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బామ్మర్దికి బీరంటే ప్రాణం. ఏ చిన్న బ్రూవరీలోనైనా కొత్త బ్యాచ్ దిగిందంటే నాకు ఫోన్ వస్తుంది. "బావా, రెండు వారాలే ఉంటది, ఆదివారం వచ్చెయ్." మాది నకిరేకల్ దగ్గర పల్లె. చలికాలంలో ఆదివారం ఊరు విడవాలంటే నాకు మనసొప్పదు. ఈత కల్లు రుచంతా ఆ మూడు నెలల్లోనే. ఈసారి రెండూ వెంటవెంటనే తాగి తేల్చుకుందామనుకున్నాం.

శనివారం మధ్యాహ్నం బ్రూవరీకి వెళ్లాం. చిన్న గ్లాసుల్లో మూడు రకాలు పెట్టారు: గోధుమ బీరు, ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు), స్టౌట్ అనే నల్ల బీరు. గోధుమ బీరు ముక్కు దగ్గరికి రాగానే అరటిపండు, లవంగం వాసన. ఆ రెండూ అందులో వేయరు. పులిసేటప్పుడు ఈస్టే (పులియబెట్టే సూక్ష్మజీవి) ఆ వాసనలు పుట్టిస్తుంది. ఐపీఏలో హాప్స్ ఎక్కువ. హాప్స్ అంటే ఒక తీగకు పూసే పూలు. మొదట నారింజ తొక్క వాసన, వెనకాలే కాకరకాయంత చేదు. ఆ వాసన రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి ఈ రకం బీరు తాజాగా తాగాల్సిందే. అయినా నాకు రెండో గ్లాసు అక్కర్లేదనిపించింది.

స్టౌట్ మాత్రం మనసులో నిలిచిపోయింది. కాఫీ గింజల్లా నల్లగా వేయించిన బార్లీతో చేస్తారు. కాఫీ, కొంచెం మాడిన బెల్లం కలిసిన రుచి. మెల్లగా, అరగంట పాటు తాగాను. ఇలాంటి రుచి ఏ చెట్టూ ఇవ్వదు, ఎందుకంటే కల్లులో వేయించేదీ లేదు, ఉడికించేదీ లేదు.

రాత్రి బస్సెక్కి ఇద్దరం ఊరొచ్చాం. తెల్లారకముందే ఈత వనంలో ఉన్నాం. "పొద్దుగాలనే రావాలె బిడ్డా, ఎండెక్కితే పులుస్తది" అని మా గౌడ మామ ఎప్పుడూ చెప్పే మాట. మోకు వేసుకుని ఎక్కి లొట్టి దించాడు. నురగ ఇంకా చిటపటమంటోంది. మొదటి చెట్టుది తియ్యగా, చల్లగా, గొంతులో సన్నగా గిల్లినట్టుంది. పది అడుగుల దూరంలోని రెండో చెట్టుది కాస్త పులుపు. అదే నేల, అదే రాత్రి, రుచి వేరు. ఈత చెట్టును ఒక ఏడు ఒక వైపు గీస్తే మరుసటి ఏడు రెండో వైపు గీస్తారు. మొద్దు మీది ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలిసిపోతుంది.

బ్రూవరీ వాళ్లు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) నానిన నీళ్లు మరిగించి, చల్లార్చి, తాము ఎంచుకున్న ఈస్టు కలిపి రెండు మూడు వారాలు ఆగుతారు. కల్లుకు ఆ ఆగడం లేదు. లొట్టిలో, గాలిలో ఉన్న ఈస్టుతో చుక్క పడిన దగ్గర్నుంచే పులియడం మొదలవుతుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లగా మారిపోతుంది. మత్తు కూడా బీరుకు దగ్గరగానే ఉంటుంది, ఆల్కహాల్ 4, 5 శాతం దాకా. తాటి కల్లు వేసవిది, ముందు పోతుతాళ్లు (మగ చెట్లు), తర్వాత పండుతాళ్లు (కాయలు కాసే ఆడ చెట్లు) గీస్తారు. వాసన బరువుగా ఉంటుంది. నా నాలుకకు ఈతే ఇష్టం.

ఒక్క విషయంలో బ్రూవరీదే పైచేయి. కొన్ని దుకాణాల్లో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు అమ్ముతున్నారు. మహబూబ్‌నగర్ వైపు దానికి అలవాటుపడి, అది దొరక్కపోయేసరికి మతి తప్పినట్టయి ఆసుపత్రుల్లో చేరినవాళ్లున్నారు. చెట్టు దగ్గర, మీ కళ్ల ముందు దించిన కల్లయితేనే తాగండి. గీసే మనిషి తెలియకపోతే కల్లు జోలికి పోకుండా బ్రూవరీకే వెళ్లండి.

తెలిసిన చెట్టుంటే మాత్రం చలికాలంలో నా ఓటు ఈతకే. గోధుమ బీరు ఇచ్చే ఆ తేలికదనం, ఆ చిటపట ఈత కల్లులో ఇంకా బాగుంటాయి. స్టౌట్ కోసమైతే హైదరాబాద్ దాకా పోవచ్చు, పోతాను కూడా. కానీ ఎండలు ముదిరితే ఈత తగ్గిపోతుంది. అందుకే వచ్చే ఆదివారం కూడా బామ్మర్దినే ఇక్కడికి రమ్మన్నాను. బండి తేవద్దు, బస్సుకే రమ్మని చెప్పాను.