గుర్రం బాగుంది, కాటా మాత్రం అడిగి వేయించుకోవాల్సి వచ్చింది

చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో, చంద్రగిరి దాటాక, పిల్లలకి గుర్రం మీద ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తయారుచేసే థెరపీ) చేయించే చోటు ఒకటుంది. ఆరు నెలలుగా ఆదివారం ఆదివారం వెళ్తున్నాం. మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి, అందుకని పేరు రాయడం లేదు. మావాడికి ఆరేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడుకి దెబ్బ తగిలి ఒంటి కదలికలు అదుపులో ఉండని సమస్య, అందులో కాళ్ళు బిగుసుకుపోయే రకం. గోడకి ఆనుకోకుండా కూర్చోవడమే పెద్ద పని వాడికి.

ముందు మంచి చెప్తా. గుర్రం పేరు గంగ, పక్కన పిల్లలు గుక్కపట్టి ఏడ్చినా చెవి కూడా కదపదు. జీను వేయరు, మందపాటి మెత్త పరిచి బెల్టు బిగిస్తారు. ఒకాయన పగ్గం పట్టుకుని నడిపిస్తాడు, అటొకరు ఇటొకరు పిల్లాణ్ణి పట్టుకుని నడుస్తారు, థెరపిస్టు మేడం పక్కనే ఉండి పని చెప్తుంది. కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, రింగు అందుకుని కర్రకి వేయమంటారు. మనం నడిచేటప్పుడు నడుము ముందుకీ వెనక్కీ, పక్కలకీ, కాస్త మెలి తిరుగుతూ కదులుతుంది కదా, గుర్రం నడుస్తుంటే పైన కూర్చున్న పిల్లాడి నడుమూ దాదాపు అట్లాగే కదులుతుంది, అదీ నిమిషానికి వంద అడుగుల దాకా, అన్నిసార్లూ వాడు పడిపోకుండా ఒళ్ళు సర్దుకుంటూనే ఉండాలి. వ్యాయామం చేస్తున్నానని వాడికి తెలీదు. ఫిజియో టేబుల్ ఎక్కగానే ఏడ్చేవాడు ఇక్కడ దిగమంటే ఏడుస్తాడు.

జాగ్రత్తల్లో కూడా వంక పెట్టలేను. ఎక్కించే ముందు తుంటి ఎక్స్‌రే చూశారు, ఫిట్స్ వస్తాయా అని అడిగారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపని ఒకరు తీసుకొస్తే మెడ ఎక్స్‌రే లేకుండా ఎక్కించలేదు, ఆ పిల్లల్లో కొందరికి మెడ పైభాగం ఎముకలు వదులుగా ఉంటాయట.

ఇక తిట్టే విషయం. మొదటి మూడు నెలలు క్లాసుకి 800 చొప్పున కట్టాక చేతిలో ఒక కాగితం పెట్టారు. 'గుడ్ ఇంప్రూవ్‌మెంట్, హ్యాపీ చైల్డ్, కంటిన్యూ'. అంతే! నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని చేస్తా. తోతాపురి లోడుతో ట్రాక్టరు లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, కాయ దించి పోయేటప్పుడు ఒకసారి తూకం వేస్తాం. మొదటి తూకం వేయకుండా కాయ దించేసి, బాగానే ఉందిలే అని చీటీ రాసిస్తే రైతు నన్ను గదిలోంచి బయటికి లాగుతాడు. మొదటి రోజు మావాడు ఆనుకోకుండా ఎన్ని సెకన్లు కూర్చున్నాడండీ అని అడిగితే రిజిస్టరు అటూ ఇటూ తిప్పారు. రాసుకోలేదు. 'వాడి ముఖం చూడండి సార్, ఎంత హ్యాపీగా ఉన్నాడో' అన్నాడు మేనేజరు. జాతరలో రంగులరాట్నం ఎక్కించినా హ్యాపీగానే ఉంటాడు.

ఆ గొడవ తర్వాత కొత్తగా చేరిన థెరపిస్టు మా కేసు తీసుకుంది, చిన్నమ్మాయే గానీ పని తెలిసిన మనిషి. సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసమే తయారైన కొలత ఒకటి ఉంది, జీఎంఎఫ్ఎం అంటారు, మొత్తం 88 పనులు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. అందులో కూర్చోవడానికి సంబంధించినవి 20, అంటే 60 మార్కులు. మావాడికి 34 వచ్చాయి. దాంతోపాటు ఇంట్లో మాకేం కావాలో అడిగి గోల్స్ రాసింది. ఇప్పుడున్న స్థితి మైనస్ 2, 12 వారాలకి అనుకున్నది సున్నా, అంతకంటే బాగా వస్తే ప్లస్ 1, ప్లస్ 2. మా ఆవిడ ఠక్కున చెప్పింది, స్నానం చేయించేటప్పుడు స్టూలు మీద పట్టుకోకుండా కూర్చోవాలి, నాకు రెండు చేతులూ ఖాళీ కావాలి అని. రెండోది, టీషర్టు వాడే తొడుక్కోవడం.

12 వారాలకి కూర్చునే మార్కులు 41. స్టూలు గోల్ ప్లస్ 1. టీషర్టు మైనస్ 1 దగ్గరే ఆగింది. నిలబడే విభాగంలో ఒక్క మార్కూ పెరగలేదు, ఆ అమ్మాయి దాన్నీ దాచకుండా రాసింది, నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

అయితే ఇదంతా గుర్రం వల్లేనా? వారంలో మూడు రోజులు చిత్తూరులో ఫిజియో నడుస్తూనే ఉంది, కాళ్ళు వంకర పోకుండా కట్టే కొత్త స్ప్లింట్లు వచ్చాయి, వాడికి ఆరు నెలల వయసూ పెరిగింది. ఫిజియో సార్ తన వల్లే అంటాడు, గుర్రం వాళ్ళు గంగ వల్ల అంటారు, మా అమ్మ అయితే కాలినడకన కొండెక్కి మొక్కు కూడా తీర్చేసింది. దీన్ని విడదీయడం ఎంత కష్టమో అమెరికాలో 2015లో అచ్చయిన ఒక పరిశోధన చూస్తే తెలుస్తుంది. 6 నుంచి 16 ఏళ్ళ ఆటిజం పిల్లలు 127 మంది, 10 వారాలు. కొందరికి స్వారీ నేర్పారు, మిగతావాళ్ళని అదే కొట్టంలో నిజం గుర్రం లేకుండా గుర్రాల గురించిన పనులతో గడపమన్నారు. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతి చురుకు ఎక్కువ తగ్గాయి. అది స్వారీ, ఇది థెరపీ, ఆ పిల్లల సమస్యా వేరు, మావాడికి ఆ ఫలితం అంటగట్టలేను. కానీ గుర్రం లేకుండా కూడా చేసి పోల్చి చూశారు చూడండి, ఆ పద్ధతి నచ్చింది నాకు.

ఇంకో పేచీ ఉంది. థెరపీ చేసేదీ మార్కులు వేసేదీ ఒకే మనిషి. కాయ అమ్మేవాడే కాటా వేసుకున్నట్టు! తేదీలు కనబడకుండా వీడియోలు వేరే థెరపిస్టుకి చూపించి మార్కులు వేయిద్దామని అడిగా. సరే అన్నారు, ఇంకా చేయలేదు.

చేరాలనుకునేవాళ్ళు డబ్బు కట్టకముందే మొదటి కొలత కాగితం మీద రాయించుకోండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఫిజియో మాత్రం ఆపొద్దు. ఎండ పడకముందే, ఏడులోపు స్లాటు అడగండి, తర్వాత నీడ లేదు. టాయిలెట్టు ఘోరం, దోమలు సరేసరి. ఐదుకి మూడున్నర ఇస్తా, అందులో సగం గంగకే.

జూన్‌లో మామిడి సీజను ముదిరితే ఆదివారం కూడా నాకు సెలవు దొరకదు, అందుకే తర్వాతి తూకం మే ఆఖరికి పెట్టించా. ఈసారి టీషర్టు సంగతి తేలాలి.