క్యూ ఫ్లక్స్ నేర్చుకోవడానికి ఏది మేలు: బీటా సూపర్‌గ్రావిటీయా, డబుల్ ఫీల్డ్ థియరీయా?

తిరుపతి గోవిందరాజస్వామి పుష్కరిణి గట్టున కూర్చుని ఉండగా ఎమ్మెస్సీ చదివే కుర్రాడు అడిగాడు: "సార్, నాన్-జియోమెట్రిక్ ఫ్లక్స్‌లు నేర్చుకోవాలంటే బీటా సూపర్‌గ్రావిటీతో మొదలుపెట్టాలా, డబుల్ ఫీల్డ్ థియరీతోనా?"

రెండూ స్ట్రింగ్ సిద్ధాంతంలో, మామూలు జ్యామితికి లొంగని స్థలాల్లోని క్యూ, ఆర్ లాంటి ఫ్లక్స్‌లను వర్ణించే పద్ధతులే. మొదటిదే అన్నాను. కారణం ఆ పుష్కరిణిని చూపించే చెప్పాను. ప్రదక్షిణ చేసి బయలుదేరిన మెట్టు దగ్గరికే వచ్చావనుకో. మెట్టు అదే, దాని కొలత మాత్రం మారిపోయింది. మామూలు జ్యామితి దీన్ని ఒప్పుకోదు. కానీ వలయంగా చుట్టిన దిశకు ఒక వ్యాసార్ధం ఉన్నా, దాని విలోమం ఉన్నా మూసిన స్ట్రింగ్‌కు (ఉంగరంలా చుట్టుకున్న తీగకు) తేడా తెలియదు. ఇదే టి-డ్యూయాలిటీ. దాని పరివర్తనలతో పాత కొలతనూ కొత్త కొలతనూ అతికించవచ్చు. అలా అతికిన స్థలాలకు క్రిస్ హల్ 2004లో టి-ఫోల్డ్ అని పేరు పెట్టారు.

హెచ్ ఫ్లక్స్ (బి-ఫీల్డ్ అనే క్షేత్రం మార్పుతో వచ్చే ఫ్లక్స్) ఉన్న మూడు దిశల టోరస్‌కు, అంటే ప్రతి దిశా వలయంగా చుట్టుకున్న స్థలానికి, ఒక దిశలో డ్యూయాలిటీ ప్రయోగిస్తే మెలిపడిన టోరస్ వస్తుంది. రెండో దిశలోనూ ప్రయోగిస్తే టి-ఫోల్డ్, దానితో క్యూ ఫ్లక్స్. మామూలు మెట్రిక్ (దూరాలు కొలిచే క్షేత్రం), బి-ఫీల్డ్‌లతో రాస్తే హారంలో మూడో దిశ నిరూపకం వర్గం చేరి, చుట్టు తిరిగాక ఏదీ కలవదు. బీటా సూపర్‌గ్రావిటీలో అవే క్షేత్రాలను కొత్త మెట్రిక్‌గా, బి-ఫీల్డ్ స్థానంలో బీటా అనే క్షేత్రంగా మార్చి రాస్తారు. మెట్రిక్ చదునైపోతుంది. బీటా ఆ నిరూపకంతో సరళంగా పెరిగి, చుట్టు పూర్తయ్యేసరికి ఒక స్థిరాంకం మేర జరుగుతుంది, అంతే! ఒక సాయంత్రం చాలు ఈ లెక్కకు.

డబుల్ ఫీల్డ్ థియరీని హల్, జ్వీబాఖ్ 2009లో ప్రతిపాదించారు. పది కొలతలను ఇరవై చేసి, ఆపై ఒక గట్టి నిబంధనతో సగం కోసేస్తారు. పది ఇడ్లీలు తినడానికి ఇరవై తెప్పించుకున్నట్టు అనిపిస్తుంది నాకు. అయితే మూడో దిశలోనూ డ్యూయాలిటీ ప్రయోగిస్తే వస్తుందనుకునే ఆర్ ఫ్లక్స్ దగ్గర మాత్రం ఆ ఇరవై పనికొస్తాయి. మూడో దిశలో సౌష్ఠవం మిగలదు కాబట్టి మామూలు డ్యూయాలిటీ సూత్రాలు అక్కడ ఆగిపోతాయి. పైగా బీటాతో చక్కబడే నేపథ్యాలు చాలావరకు ఏదో ఒక జ్యామితీయ నేపథ్యానికి డ్యూయల్‌లే, కొత్త భౌతికం ఆశిస్తే నిరాశే.

"అయితే ఆర్ ఫ్లక్స్ నుంచే మొదలుపెడతాను" అన్నాడు. ముందు టి-ఫోల్డ్ లెక్క చేసి తీసుకురమ్మన్నాను.