ఏడు మీటర్ల చుట్ట యాంటెన్నా: ఫ్లాట్‌లో షార్ట్‌వేవ్ వినేవారికి

మా అపార్ట్‌మెంటులో డాబా మీద తీగ కట్టడానికి అనుమతి లేదు. మూడో అంతస్తులోని మా ఇల్లు చుట్టూ కాంక్రీటు, అందులో ఇనుప చువ్వలు కావడంతో, టెక్సన్ పీఎల్-330 వంటి మంచి రేడియోకు కూడా సొంత కడ్డీ యాంటెన్నాతో చాలా షార్ట్‌వేవ్ స్టేషన్లు (దూరదేశాల నుంచి కూడా అందే రేడియో ప్రసారాలు) మసకగానే అందేవి. అందుకే కోఠీ గుజరాతీ గల్లీలో నాలుగు వందల రూపాయల లోపే దొరికిన చుట్ట యాంటెన్నా ఒకటి తెచ్చి, మూడు నెలలుగా వాడుతున్నాను.

అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బాలోంచి కొలత టేపులాగా సన్నని తీగ ఏడు మీటర్ల దాకా వస్తుంది. ఒక కొసకు బట్టల క్లిప్పు వంటిది, రెండో కొసకు ఇయర్‌ఫోన్‌కు ఉండేలాంటి 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉంటాయి. తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు దగ్గరగా ఉండే తీగ సంకేతాన్ని బాగా అందుకుంటుంది. 31 మీటర్ల బ్యాండులో (అంటే తరంగదైర్ఘ్యం సుమారు 31 మీటర్లుండే, 9,400-9,900 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో) ఆ నాలుగో వంతు ఏడున్నర మీటర్లకు కాస్త పైనే కనుక, సాయంత్రం ఎక్కువ స్టేషన్లు పలికే ఆ బ్యాండుకు ఈ పొడవు బాగా సరిపోతుంది.

దీన్ని పరీక్షించడానికి నేను 10,000 కిలోహెర్ట్జ్ ఎంచుకున్నాను. చైనాలోని షాంశీ రాష్ట్రం నుంచి బీపీఎం అనే సమయ సంకేత కేంద్రం ఆ ఫ్రీక్వెన్సీ మీద సెకనుకొక టిక్కు పంపుతుంది. పాట, మాట మారుతూ ఉండే స్టేషన్ల కంటే ఒకే తీరున సాగే ఆ టిక్కుతో తేడా కచ్చితంగా తెలుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి కడ్డీతో విన్నప్పుడు రేడియో తెర మీద సంకేతానికీ రొదకూ మధ్య తేడా (ఇది ఎంత ఎక్కువైతే అంత తేట) 3 డెసిబెల్స్ చూపింది. తీగను హాలు గోడ వెంట టీవీ మీదుగా లాగితే టిక్కు పెరిగింది గానీ, బుర్రుమనే రొద కూడా దానితోపాటే పెరిగి, వినడం మరింత కష్టమైంది.

అప్పుడు రేడియోను బ్యాటరీ మీద ఉంచి ఇంటి మెయిన్ స్విచ్ ఆపాను. రొద ఒక్కసారిగా పడిపోయింది. ఒక్కొక్కటే తిరిగి వేసి చూస్తే, ఫోను ఛార్జరు ఒకటి, హాలులోని ఎల్‌ఈడీ బల్బు ఒకటి అసలు కారణమని తేలింది. ఆ రెండూ మార్చి, తీగను బాల్కనీలోని నైలాన్ దండెం వెంట, కిటికీ చువ్వలకు మూరెడు దూరంగా లాగాక అదే టిక్కు 15 డెసిబెల్స్ చూపింది. గది లోపల ఎంత పొడవు తీగ వేశామన్నదానికంటే, కరెంటు వైర్లకు ఎంత దూరంగా వేశామన్నదే ముఖ్యమని నాకు గట్టిగా అర్థమైంది.

లోపాలూ ఉన్నాయి. పిన్ను వదులుగా ఉండి రేడియో కదిలితే గరగరమంటుంది. నెల తిరక్కుండానే స్ప్రింగు పట్టేసి, తీగను చేత్తో చుట్టవలసి వస్తోంది. సగం తీగ డబ్బాలోనే చుట్టుకుని ఉంటే ఫలితం బాగా తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ పూర్తిగా లాగాలి. ఉరుములు మొదలైతే పిన్ను తీసేయడం తప్పనిసరి, ఎందుకంటే తీగలో పోగయ్యే విద్యుత్తు రేడియో లోపలి మొదటి ట్రాన్సిస్టరునే దెబ్బతీయగలదు.

49 మీటర్ల బ్యాండు (6,000 కిలోహెర్ట్జ్ ప్రాంతం) మాత్రం ఈ తీగతో నాకు ఇంకా లొంగలేదు. ఎదుటి ఇళ్ల దీపాల రొద అక్కడే ఎక్కువగా వినిపిస్తుంది. రాత్రి పదకొండు దాటి ఆ దీపాలు ఆరాకే ఆ బ్యాండులో మాటలు తేటగా అందుతున్నాయి.