మూడేళ్లుగా వీపీపీ: లైనక్స్‌తో కలిపిన తీరు, నా అనుభవం

హనుమకొండలో మాది చిన్న ఇంటర్నెట్ సర్వీసు. హసన్‌పర్తి, మడికొండ వైపు ఇళ్లకు ఫైబర్ లాగి కనెక్షన్లు ఇస్తాం. మూడేళ్లుగా మా మెయిన్ రౌటర్ ఒక మామూలు సర్వర్ మీద నడుస్తున్న వీపీపీ (వెక్టర్ ప్యాకెట్ ప్రాసెసింగ్), అంటే నెట్‌వర్క్‌లో వచ్చే డేటా ముక్కలను (ప్యాకెట్లను) చేరాల్సిన వైపు మళ్లించే సాఫ్ట్‌వేర్. సిస్కోలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ 2016లో లైనక్స్ ఫౌండేషన్ కింద ఎఫ్‌డీ డాట్ ఐఓ ప్రాజెక్టుగా అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాని వేగం గురించి అందరూ చెప్పేదే, నేనూ ఒప్పుకుంటాను. నా టైం ఎక్కువగా తిన్నది మాత్రం వీపీపీని అదే మెషీన్‌లో ఉన్న లైనక్స్‌తో కలపడం. ఈ సమీక్ష ఆ పని గురించే.

చిక్కు ఎక్కడుందంటే, నెట్‌వర్క్ కార్డును డీపీడీకేకి (లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌ను పక్కనపెట్టి కార్డుతో నేరుగా మాట్లాడే లైబ్రరీ) అప్పగించగానే అది లైనక్స్‌కి కనిపించదు. ప్యాకెట్లు కెర్నెల్ దగ్గర ఆగకుండా నేరుగా వీపీపీలోకి వస్తాయి. ఒక విడతకు 256 వరకు గుంపుగా కలిసి ముందుకు సాగుతాయి. ఆ వేగమంతా అందులోంచే వస్తుంది. కానీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్), డీఎన్‌ఎస్ (సైట్ పేర్లకు అడ్రసులు చెప్పేది), రేడియస్ (కస్టమర్ల లాగిన్ సరిచూసేది), బీజీపీ (వేరే నెట్‌వర్క్‌లతో రూట్లు, అంటే దారుల సమాచారం, పంచుకునే పద్ధతి) నడిపే ఎఫ్‌ఆర్‌ఆర్ సాఫ్ట్‌వేర్ అన్నీ లైనక్స్ వైపే ఉంటాయి. వాటికి బయటికి వెళ్లే దారి వీపీపీలోంచే ఇవ్వాలి. మొదటి వారంలో నేను ఎస్‌ఎస్‌హెచ్ వచ్చే పోర్టును కూడా డీపీడీకేకి ఇచ్చేశాను. రాత్రి పది దాటాక మానిటర్, కీబోర్డు బండి మీద కట్టుకుని సర్వర్ ఉన్న గదికి పోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మేనేజ్‌మెంట్ కోసం ఒక పోర్టును లైనక్స్ చేతిలోనే ఉంచుతున్నాను. కొత్తగా పెట్టేవాళ్లు అన్నిటికంటే ముందు ఇది చేసుకోండి.

మొదట నేను వాడింది వెత్ జత, అంటే రెండు కొసలున్న ఊహా కేబుల్ లాంటిది. ఒక కొస లైనక్స్‌లో ఉంటుంది, రెండో కొసను వీపీపీలో హోస్ట్ ఇంటర్‌ఫేస్‌గా తగిలిస్తాం. పది నిమిషాల్లో అయిపోయింది, పింగ్ వచ్చింది. మర్నాడు పొద్దున్నే మడికొండ నుంచి మా లైన్‌మన్ ఫోన్ చేశాడు. "అన్నా, పింగ్ అయితుంది గానీ రీఛార్జ్ పేజీ ఓపెన్ అయితలేదు." ఆ పేజీ మా సర్వర్‌లోనే నడుస్తుంది. సర్వర్‌లో టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే టూల్) పెడితే చెక్‌సమ్ (ప్యాకెట్ చెడిపోలేదని సరిచూసే లెక్క) తప్పు అని చూపించింది. ఆఫ్‌లోడ్ (ఆ లెక్కను కార్డుకు వదిలేయడం) ఆన్‌లో ఉన్నప్పుడు పంపే వైపు అలా కనిపించడం మామూలే కదా అని వదిలేశాను. సాయంత్రం దాకా రౌటింగ్ టేబుళ్లు, ఫైర్‌వాల్ అన్నీ గాలించాను. చివరికి ల్యాప్‌టాప్ తీసుకుని కస్టమర్ ఇంట్లో కూర్చుని చూస్తే, వచ్చిన ప్యాకెట్ల మీద కూడా చెక్‌సమ్ తప్పుగానే ఉంది. జరిగింది ఇది: చెక్‌సమ్ లెక్క కార్డు చూసుకుంటుందని కెర్నెల్ దాన్ని సగంలో వదిలేస్తుంది. వెత్ వెనక అసలు కార్డు లేదు, వీపీపీ ఆ ప్యాకెట్‌ను అలాగే బయటికి పంపేస్తోంది. పింగ్‌కి కెర్నెలే పూర్తి లెక్క వేస్తుంది కాబట్టి అది బాగానే పనిచేసింది. లైనక్స్ వైపు కొస మీద ఈత్‌టూల్ కమాండ్‌తో టీఎక్స్ (పంపే వైపు) చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపేయగానే పేజీ తెరుచుకుంది. వెత్ వాడేవాళ్లు ఈ ఒక్క లైను గుర్తుపెట్టుకుంటే ఒక రోజు మిగులుతుంది.

తర్వాత ట్యాప్‌కి, అంటే వీపీపీ తానే లైనక్స్‌లో పెట్టే ఊహా ఇంటర్‌ఫేస్‌కి, మారాను. వీపీపీలో ఒకే కమాండ్‌తో ట్యాప్ సృష్టించి, లైనక్స్ వైపు పేరు, ఐపీ కూడా అందులోనే ఇవ్వొచ్చు. వెత్ కంటే శుభ్రంగా ఉంది, వేగం కూడా మెరుగు. బాధంతా రూట్లతోనే. ఎఫ్‌ఆర్‌ఆర్ నేర్చుకున్న రూటు లైనక్స్ టేబుల్‌లోకి వస్తుంది, వీపీపీకి దాని సంగతి తెలియదు. ప్రతి మార్పూ రెండు చోట్ల చేత్తో రాసుకుంటూ ఏడాది నెట్టుకొచ్చాను.

ఇప్పుడు వాడుతున్నది లైనక్స్ కంట్రోల్ ప్లేన్ ప్లగిన్, అందరూ ఎల్‌సీపీ అంటారు. వీపీపీలోని ప్రతి పోర్టుకూ లైనక్స్‌లో ఒక జోడు ఇంటర్‌ఫేస్ పెడుతుంది. దాని తోడు ప్లగిన్ నెట్‌లింక్‌ను (లైనక్స్ కెర్నెల్ తన నెట్‌వర్క్ మార్పులను చెప్పే దారి) వింటూ ఉంటుంది. నేను లైనక్స్‌లో ఐపీ పెట్టినా, ఎఫ్‌ఆర్‌ఆర్ రూటు వేసినా అది వీపీపీలోకి వెళ్లిపోతుంది. రెండిటినీ కాన్ఫిగ్ ఫైలులో మనమే ఆన్ చేయాలి. బీజీపీ సెషన్ మొదటిసారి ఆ జోడు మీద లేచి, రూటు వీపీపీ టేబుల్‌లో దానంతటదే కనిపించినప్పుడు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది. ఇంటర్నెట్ మొత్తం టేబుల్ తీసుకునేవాళ్లు, అంటే 9 లక్షలకు పైగా ఐపీవీ4 రూట్లు, నెట్‌లింక్ సాకెట్ బఫర్ బాగా పెంచుకోవాలి. లేకపోతే మధ్యలో రూట్లు జారిపోతాయి.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ జోడు ఇంటర్‌ఫేస్ మీదికి వచ్చేవి రౌటర్ సొంత అడ్రసుకు వచ్చే ప్యాకెట్లే. కస్టమర్ ట్రాఫిక్ అటు రాదు. నేను లైనక్స్ ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్‌లో ఒక పోర్టు బ్లాక్ చేసి, పని అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత చూస్తే ఆ ట్రాఫిక్ హాయిగా పోతూనే ఉంది. కస్టమర్ ట్రాఫిక్‌ను ఆపాలంటే వీపీపీలోని ఏసీఎల్ (ఏది పోనివ్వాలి, ఏది ఆపాలి అనే నియమాల జాబితా) వాడాలి. దాన్ని చూడాలన్నా అంతే, టీసీపీడంప్‌లో దొరకదు, వీపీపీ ట్రేస్ పెట్టి చూడాలి. ఈ తేడా మా టీమ్‌లో అందరికీ అర్థమయ్యేసరికి నెలలు పట్టింది.

లైనక్స్ టాప్ కమాండ్‌లో వీపీపీ వర్కర్ కోర్ (ప్యాకెట్లను మోసే సీపీయూ కోర్) ఎప్పుడూ 100 శాతం చూపిస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, ప్యాకెట్ల కోసం అది నిరంతరం చూస్తూనే ఉంటుంది కాబట్టి అంతే. అసలు లోడ్ తెలియాలంటే వీపీపీ షో రన్‌టైమ్ కమాండ్‌లో ఒక్కో విడతకు ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో చూడండి. మా ఎండాకాలంలో ఆ కోర్ వేడి మాత్రం లెక్కలోకి తీసుకోవాలి, గదిలో ఏసీ తప్పదు.

మొన్న మే నెలలో కరెంటు పోయి యూపీఎస్ కూడా అయిపోయింది. సర్వర్ మళ్లీ లేచినప్పుడు వీపీపీ కంటే ముందు ఎఫ్‌ఆర్‌ఆర్ మొదలై, ఇంటర్‌ఫేస్‌లు లేక దిక్కుతోచక కూర్చుంది. వీపీపీ ఆగితే దాని జోడు ఇంటర్‌ఫేస్‌లూ పోతాయి, కమాండ్లతో పెట్టిన సెట్టింగులూ పోతాయి. ఇప్పుడు అన్ని కమాండ్లూ ఒక ఫైలులో రాసి వీపీపీ లేవగానే చదివేలా పెట్టాను. సర్వీసులను లేపే సిస్టమ్‌డీలో ఎఫ్‌ఆర్‌ఆర్‌ని దాని తర్వాతే లేచేలా కట్టాను.

ఒక గిగాబిట్ లోపు ట్రాఫిక్ ఉంటే ఈ శ్రమంతా అక్కర్లేదు, లైనక్స్ కెర్నెలే చక్కగా మోస్తుంది. మాకు 10 గిగాబిట్ పోర్టులు నిండుతున్నాయి కాబట్టి వీపీపీని వదిలే ఆలోచన లేదు. వచ్చే నెల కాజీపేటలో రెండో సర్వర్ పెడుతున్నాం. అందులో వెత్, ట్యాప్ జోలికి పోకుండా మొదటి రోజు నుంచే ఎల్‌సీపీ, పక్కన మేనేజ్‌మెంట్‌కి విడిగా ఒక కార్డు.