రక్తప్రవాహం కొలిచే యంత్రానికి పేటెంటు: పరికరంగా అడగడం మేలా, పద్ధతిగా అడగడం మేలా?

వైద్య పరికరాలకు పేటెంటు దరఖాస్తులు రాయడం నా వృత్తి. డాప్లర్ అల్ట్రాసౌండు కావచ్చు, లేజరు కెమెరా కావచ్చు, ఎంఆర్‌ఐ కావచ్చు, రక్తం పారే వేగాన్ని కొత్త తీరులో కొలిచినవాళ్లు నా దగ్గరకు వచ్చి అడిగేది మాత్రం ఒకటే. "యంత్రంలో ఉన్నవన్నీ బజారులో దొరికే భాగాలే. కొత్తదనమంతా మేం కొలిచే పద్ధతిలో ఉంది. మరి క్లెయిము పద్ధతి మీద వేయాలా, పరికరం మీద వేయాలా?" ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకులు అడిగారు, చిన్న కంపెనీలవాళ్లు అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన జవాబును ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇందులో తరచు వచ్చే మాటలు మూడు: క్లెయిము అంటే దరఖాస్తులో మనం దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యం, ఎఫ్‌ఈఆర్ అంటే పేటెంటు కార్యాలయం పంపే తొలి పరీక్షా నివేదిక, హియరింగు అంటే అందులోని అభ్యంతరాల మీద అధికారి ముందు జరిగే విచారణ.

కొత్తదనం పద్ధతిలోనే ఉందని వాళ్లు అనడంలో న్యాయం ఉంది. ఈ రంగంలో సూత్రాలన్నీ పాతవే. అల్ట్రాసౌండు డాప్లర్‌ను, అంటే కదిలేదాన్ని తాకి తిరిగివచ్చే ధ్వనిలోని మార్పును బట్టి వేగం కొలిచే తీరును, 1950లలోనే జపాన్‌లో షిగెయో సతోమురా గుండె మీద ప్రయోగించారు. లేజరు స్పెకిల్‌తో, అంటే లేజరు వెలుగు పడినచోట కనిపించే సన్నని చుక్కలతో, రక్తప్రవాహాన్ని చిత్రంగా చూడవచ్చని ఫెర్చర్, బ్రయర్స్ 1981లో చూపారు. కనుక ఇప్పుడు ఎవరు ఏం కనిపెట్టినా అది ఒక సవరణ, ఒక దిద్దుబాటు, ఒక లెక్క. దాన్ని పద్ధతి అనుకోవడం సహజం.

అయితే మన పేటెంటు చట్టం సెక్షన్ 3(ఐ) మనుషులకు చేసే చికిత్స, శస్త్రచికిత్స, రోగనిర్ధారణ ప్రక్రియలకు పేటెంటు ఇవ్వదు. 'రోగనిర్ధారణ' అన్న మాట 2002 సవరణతో అందులో చేరింది. ఇక్కడ గమనించవలసింది 'ప్రక్రియ' అన్న మాట. నిషేధం ప్రక్రియకే కాని పరికరానికి కాదు. కాళ్ల రక్తనాళాలను పరీక్షించే యంత్రానికి పేటెంటు ఇవ్వడానికి 3(ఐ) అడ్డురాదు. ఆ యంత్రంతో పరీక్షించే పద్ధతికి అడ్డువస్తుంది.

ఎంతవరకు అడ్డువస్తుందన్నది మరో సంగతి. చైనీస్ యూనివర్సిటీ ఆఫ్ హాంగ్‌కాంగ్, సీక్వెనామ్ సంస్థల అప్పీలులో 2023 అక్టోబరులో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ ప్రశ్నకు కొంత జవాబిచ్చింది. శరీరం మీద నేరుగా చేసే పరీక్షకే ఈ మినహాయింపు వర్తిస్తుందన్న వాదన చెల్లదని, నిర్ధారణ అంతిమమైనది కాకపోయినా మినహాయింపు వర్తించవచ్చని కోర్టు చెప్పింది. అదే సమయంలో రోగనిర్ధారణతో ఏదో ఒక సంబంధం ఉన్న ప్రతి ప్రక్రియనూ అందులోకి లాగకూడదని కూడా చెప్పింది. ఆ ప్రక్రియ వల్ల వ్యాధి ఉందో లేదో బయటపడుతుందా అన్నదే గీటురాయి. ఆ కేసులో విషయం తల్లి రక్తంలో గర్భస్థ శిశువు డీఎన్‌ఏ వాటా ఎంతో తెలుసుకోవడం. అది వ్యాధిని బయటపెట్టదు కనుక మినహాయింపు కిందకు రాదని తేల్చింది. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులు వెళ్లేది చెన్నై కార్యాలయానికే. దాని మీద అప్పీలు వెళ్లేది మద్రాసు హైకోర్టుకే. కనుక ఈ తీర్పు మనకు దగ్గరి చుట్టం.

రక్తప్రవాహానికి దీన్ని అన్వయించి చూడండి. "సెకనుకు ఇన్ని సెంటీమీటర్లు" అన్న అంకె దగ్గర ఆగిపోయే పద్ధతి నెగ్గే అవకాశం ఉంది. "ఆ అంకె ఇంతకంటే తక్కువైతే ధమని పూడుకుపోయినట్టు" అని ఒక్క వాక్యం చేర్చిన క్షణాన అది 3(ఐ)లో పడిపోతుంది. యూరప్‌లోనూ దాదాపు ఇదే గీత. అక్కడి పేటెంటు కార్యాలయపు విస్తృత అప్పీలు బోర్డు 2005లో ఇచ్చిన జీ 1/04 అభిప్రాయం ప్రకారం కొలవడం, ప్రామాణిక విలువలతో పోల్చడం, తేడాను గుర్తించడం, ఆ తేడాను ఫలానా వ్యాధికి ముడిపెట్టడం అనే నాలుగు మెట్లూ క్లెయిములో ఉంటేనే అది రోగనిర్ధారణ పద్ధతి అవుతుంది.

ఇంతవరకు విన్నవాళ్లు, "అయితే అంకె దగ్గర ఆపేసి పద్ధతి క్లెయిమే వేద్దాం" అంటారు. నా అసలు అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. పేటెంటు వస్తుందా రాదా అన్నదాని మీదే అందరి దృష్టీ ఉంటుంది. వచ్చిన పేటెంటు ఎవరిని ఆపుతుంది అన్నది ఎవరూ అడగరు. నా దృష్టిలో తేల్చవలసింది అదే.

సెక్షన్ 48 తీసి చూడండి. వస్తువు మీద పేటెంటు ఉంటే దాన్ని తయారుచేయడం, వాడడం, అమ్మజూపడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం అన్నీ మీ అనుమతితోనే జరగాలి. ప్రక్రియ మీద పేటెంటు ఉంటే ఆ ప్రక్రియను వాడడాన్ని ఆపగలరు, దాని నుంచి నేరుగా పుట్టిన వస్తువు అమ్మకాన్ని ఆపగలరు. మందు తయారీలోనైతే ప్రక్రియ నుంచి మందు పుడుతుంది. రక్తప్రవాహం కొలిచే ప్రక్రియ నుంచి ఏం పుడుతుంది? తెర మీద ఒక అంకె. ఇక మిగిలింది 'వాడడం'. వాడేది ఎవరు? ఆస్పత్రిలో డాక్టరు, టెక్నీషియను. మీ యంత్రాన్ని చూసి నకలు చేసిన తయారీదారు తన కర్మాగారంలో ఎవరి రక్తప్రవాహాన్నీ కొలవడం లేదు. అతను యంత్రం చేసి అమ్ముతున్నాడు, అంతే. పరోక్ష ఉల్లంఘనకు, అంటే మరొకరు ఉల్లంఘించడానికి తోడ్పడడానికి, మన పేటెంటు చట్టంలో ప్రత్యేకమైన సెక్షనంటూ లేదు.

మధుమేహ రోగుల పాదాల మీద పనిచేస్తున్న ఒక అధ్యాపకుడికి ఇది వివరిస్తుంటే ఆయన మధ్యలోనే ఆపి, "అంటే నా యంత్రం కొనవలసిన డాక్టరు మీదే నేను కేసు వేయాలా?" అన్నారు. సరిగ్గా అదే.

ఆయన పరికరం గురించి కాస్త చెప్పాలి. లేజరు వెలుగు చర్మం మీద పడితే ఇసుక చల్లినట్టు సన్నని చుక్కలు కనిపిస్తాయి. అడుగున ఎర్రకణాలు కదులుతుంటే ఆ చుక్కలు కెమెరా చిత్రంలో మసకబారతాయి. ఎంత వేగమో అంత మసక. అయితే చర్మానికి ఆనించి కొలిచే సాధనాల్లో ఒక చిక్కుంది. గోరును నొక్కి చూడండి, తెల్లబడుతుంది. సాధనాన్ని గట్టిగా ఆనించినా అంతే, కేశనాళికల్లో రక్తం పక్కకు పోతుంది. అప్పుడు ఆరోగ్యవంతుడి పాదం కూడా రక్తం అందని పాదంలా కనిపిస్తుంది. ఆయన ఆ ఒత్తిడిని కూడా కొలిచి, నొక్కుడు ఎక్కువైనప్పుడు తీసిన చిత్రాలను లెక్కలోకి రాకుండా చేశారు.

ఆయన రాసి తెచ్చిన క్లెయిము ఇలా ఉంది: "రోగి పాదం మీద లేజరు కాంతిని ప్రసరింపజేసి, చిత్రాలు తీసి, ఒత్తిడి ఎక్కువున్న చిత్రాలను తొలగించి, రక్తప్రవాహాన్ని లెక్కించి, పుండు పడే ప్రమాదాన్ని నిర్ధారించే పద్ధతి." అందులో 'రోగి', 'ప్రమాదం', 'నిర్ధారించే' అన్న మూడు మాటలూ 3(ఐ)కి ఆహ్వానాలు. దాన్ని ఇలా మార్చాం: "చర్మానికి ఆనే పారదర్శక కిటికీ గల చేతిసాధనం, ఆ కిటికీ వెనుక లేజరు, కెమెరా, కిటికీ అంచున ఒత్తిడి సెన్సారు, సెన్సారు సంకేతం నిర్ణీత హద్దు లోపల ఉన్నప్పుడు మాత్రమే లేజరును వెలిగించి కెమెరాతో చిత్రం తీయించే నియంత్రక వలయం, వీటన్నిటితో కూడిన రక్తప్రవాహ చిత్రణ పరికరం." ఆవిష్కరణ మారలేదు. మొదటిదాని కింద దొరికేది పాదం చూసే డాక్టరు. రెండోదాని కింద దొరికేది నకలు పరికరం చేసినవాడు, దిగుమతి చేసినవాడు, అమ్మినవాడు.

ఆ దరఖాస్తులో పద్ధతి క్లెయిములు కూడా వెనకాల ఉంచాం. ఎఫ్‌ఈఆర్‌లో వాటన్నిటికీ 3(ఐ) అభ్యంతరం వచ్చింది. హియరింగులో వాటిని వదులుకున్నాం. పరికరం క్లెయిములు పాత పత్రాల (మా దరఖాస్తుకు ముందే వెలువడిన ప్రచురణల) మీద వాదన తర్వాత నిలబడ్డాయి.

పరికరం అని పేరు పెట్టినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. "ప్రాసెసరు, మెమరీ, అందులో ఫలానా లెక్క చేసే సూచనలు" అని మాత్రమే రాస్తే దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినరు సెక్షన్ 3(కె) తీస్తారు. అల్గారిథమ్‌కూ, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకూ పేటెంటు లేదు. 2019 డిసెంబరులో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ప్రభావం ఉన్న ఆవిష్కరణను ప్రోగ్రాము ఉందన్న కారణంతోనే తోసిపుచ్చకూడదని చెప్పింది. ఆ ప్రభావాన్ని చూపవలసిన బాధ్యత మాత్రం మనది. సెన్సారు సంకేతం లేజరును ఆపుతోంది, కెమెరాను నడుపుతోంది అంటే లెక్క బయటి ప్రపంచాన్ని తాకుతోందన్నమాట.

డాప్లర్ యంత్రాలకైతే కోణం దిద్దుబాటు మంచి ఉదాహరణ. ధ్వని పుంజానికీ రక్తప్రవాహానికీ మధ్య కోణం 60 డిగ్రీలని యంత్రం అనుకుంటుండగా నిజానికి అది 65 డిగ్రీలైతే, వేగం దాదాపు 15 శాతం తక్కువగా కనిపిస్తుంది. మీ అమరిక ఆ తప్పును ఎంతకు తగ్గిస్తుందో ప్రయోగ ఫలితాల పట్టికతో స్పెసిఫికేషనులోనే (దరఖాస్తులోని వివరణ పత్రంలోనే) రాసి పెట్టండి. హియరింగునాడు నోటితో చెప్పే మాటకు ఆ పట్టికకున్న బలం ఉండదు.

పద్ధతి క్లెయిముకు గట్టి పట్టు ఉన్న చోట్లు లేకపోలేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మొదలుపెట్టిన హార్ట్‌ఫ్లో కంపెనీని చూడండి. ఆస్పత్రి తీసిన సీటీ చిత్రాల నుంచి గుండె ధమనుల్లో రక్తప్రవాహాన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టి నివేదిక పంపుతుంది. ఆస్పత్రిలో కొత్త యంత్రమేదీ ఉండదు. అలాంటి వ్యాపారంలో పద్ధతిని 'వాడేది' డాక్టరు కాదు, పోటీ కంపెనీయే. అక్కడ పద్ధతి క్లెయిము సూటిగా తగలవలసినవాడికే తగులుతుంది. అమెరికాలో ఉల్లంఘనకు ప్రేరేపించినవాణ్ని పట్టుకునే సెక్షను కూడా ఉంది. అయినా ఆ దేశమే 1996లో శరీరం మీద చేసే వైద్య ప్రక్రియల పేటెంట్ల విషయంలో డాక్టర్లకు నష్టపరిహారం నుంచి రక్షణ ఇస్తూ, పేటెంటు ఉన్న యంత్రాన్ని అనుమతి లేకుండా వాడడాన్ని ఆ రక్షణ నుంచి తప్పించింది. అక్కడా యంత్రానిదే పైచేయి.

కనుక మీ లెక్కంతా సర్వరులో జరిగే సేవ అయితే పద్ధతి, వ్యవస్థ క్లెయిములను సమాన శ్రద్ధతో రాయండి. చేతిలో పట్టుకునే, మంచం పక్కన నిలబెట్టే వస్తువు ఏదైనా ఉంటే మాత్రం పరికరమే ముందు.

రెండూ ఒకే దరఖాస్తులో పెట్టవచ్చు. ఒకే ఆవిష్కరణ సూత్రం కింద ఉంటే చాలు. పది క్లెయిములు దాటితే ఒక్కోదానికి అదనపు రుసుము, అంతే. నేను రాసే వరుస ఇది: మొదట పరికరం, దాని ఉపభాగాలు, చివర "పై పరికరాన్ని నడిపే పద్ధతి". ఆ పద్ధతి అంకె దగ్గర ఆగుతుంది, వ్యాధి పేరు ఎత్తదు. వివరణ భాగంలో మాత్రం పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా రాస్తాను. రేపు అదే దరఖాస్తు తేదీని పట్టుకుని అమెరికాలో పద్ధతి అడగాలంటే ఆ వివరణే ఆధారం.

ముందు పద్ధతి వేసి, అభ్యంతరం వస్తే పరికరంగా మార్చుకుందామనే ఆలోచన ప్రమాదకరం. సెక్షన్ 59 ప్రకారం సవరించిన క్లెయిము మొదటి క్లెయిముల పరిధి దాటకూడదు. 2023 జనవరిలో అలర్గాన్ కేసులో ఢిల్లీ హైకోర్టు చికిత్సా పద్ధతి క్లెయిములను ఇంప్లాంటు క్లెయిములుగా మార్చుకోవడానికి ఒప్పుకున్న మాట నిజమే. ఆ ఇంప్లాంటు వివరం మొదటి దరఖాస్తులోనే ఉండడం వాళ్లకు కలిసొచ్చింది. అక్కడికి చేరడానికి హైకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది కూడా. పదిమంది పనిచేసే కంపెనీకి అంత ఓపిక, అంత డబ్బు ఎక్కడివి?

డిజైను రిజిస్ట్రేషను గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. అది బయటి ఆకారాన్నే కాపాడుతుంది. చవక కనుక చేయించుకోండి. సాఫ్ట్‌వేరుకు కాపీరైటు ఎలాగూ ఉంటుంది, అది కోడును కాపాడుతుంది కాని ఆలోచనను కాదు. రహస్యంగా ఉంచుకుందామంటే, అమ్మిన యంత్రాన్ని ఎవరైనా విప్పి చూడగలరు.

అధ్యాపకులకు ఒక మాట. మీ పరిశోధనా పత్రం వెలువడే తేదీ, సదస్సులో పోస్టరు పెట్టే తేదీ నాకు ముందే చెప్పండి. అమెరికాలో సొంత ప్రచురణకు ఏడాది గడువు ఉంది కాని మన దగ్గర అంత వెసులుబాటు లేదు. మీ పోస్టరే మీ దరఖాస్తు మీద పాత పత్రంగా వచ్చి కూర్చుంటుంది. కనీసం ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు, అదీ సెన్సారు ఎక్కడుందో, దాని తీగ నియంత్రక వలయానికి ఎలా వెళుతుందో చూపే బొమ్మతో సహా, పోస్టరుకు ఒక్కరోజు ముందైనా దాఖలు కావాలి.